అతుకుల బొంత అంటే తిట్టా?

మొన్న పొద్దున టీవీలో చర్చ నడుస్తోంది. ఎక్కడో నాలుగు పార్టీలు కలిసి కట్టిన ప్రభుత్వం గురించి. అందులో ఒక పెద్దమనిషి గొంతు పెంచి, "ఇదొక అతుకుల బొంత, ఆరు నెలలు కూడా నిలవదు" అన్నాడు. మా సారు ఉప్మా తింటూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ టైముకు మా డాబా మీద ఒక అతుకుల బొంత ఎండకు ఆరుతూ ఉంది. దాని వయసు యాభై ఏళ్లు.

తెలుగు బీఏ చదివినదాన్ని కదా, మాట వింటే అక్కడే ఆగిపోవడం నాకు అలవాటు. మన భాషలో బొంతకు దొరికిన చోటు చూడండి. కుదురులేని దాన్ని తిట్టాలంటే 'అతుకుల బొంత'. ఇద్దరు పనికిరానివాళ్లు జతపడ్డారని ఎకసెక్కం చేయాలంటే 'గంతకు తగ్గ బొంత'. పట్టుచీర మీద ఎన్ని పాటలైనా ఉంటాయి, బొంత మీద సామెతలే, అవీ తిట్లే. ఎందుకంటారు? నాకు తోచిన కారణం చెబుతాను. కుట్టింది ఇంట్లో ఆడది, కప్పుకున్నది లేనివాళ్లు. ఆ రెంటిలో ఏ ఒక్కటైనా చాలు ఒక వస్తువు చులకన కావడానికి.

ఈ కోపం ఈ వారంలో పుట్టింది కాదు. రెండు నెలల కింద దేవరకద్ర దగ్గర మా పుట్టింటి పాత ఇల్లు ఖాళీ చేశాం. అమ్మ పోయి నాలుగేళ్లయింది, ఇంటి కప్పు దిగుతోంది, అమ్మేద్దామని అన్న అన్నాడు. అటక మీద నుంచి రాగి బిందెలు దించారు, పంచుకున్నారు. ఇనుప పెట్టె దించారు, దానికీ ఒక మాట నడిచింది. పెట్టె అడుగున ఉన్న బొంతను మా వదినె రెండు వేళ్లతో పట్టి వాకిట్లో వేసింది. "చెత్తబండి వస్తది గదా, అండ్ల ఏసేస్తే పాయె" అంది. నేను ఏమీ అనకుండా చుట్టి, ఆటోలో పెట్టుకుని మహబూబ్‌నగర్ తెచ్చుకున్నాను. అప్పుడు నాకూ దాని విలువ తెలిసి కాదు. అమ్మ వాసన ఉంటుందేమోనని. లేదు. పెట్టెలో వేసిన డాంబరు గోళీల వాసనే వచ్చింది.

వారం తర్వాత డల్లాస్ నుంచి మా మేనకోడలు వీడియో కాల్ చేసింది. నా వెనక మంచం మీద బొంత పరిచి ఉంది. "అత్తా, ఆగు ఆగు, ఫోన్ అటు తిప్పు" అని ఒకటే కేక. "అది లోన్ స్టార్ అత్తా! వింటేజ్ లోన్ స్టార్ క్విల్ట్! ఇక్కడ వీటికి ఎంత క్రేజో తెలుసా?"

ఆ సాయంత్రమే అన్న ఫోన్ చేశాడు. "అమ్మ బొంత నీ దగ్గర ఉన్నదంట గదా. పిల్ల ఏందేందో చెప్పవట్టె. ఎంత పలుకుతదట?"

ఇక్కడ ఆగి నన్ను అడగనివ్వండి. వారంలో ఆ బొంతలో మారిందేమిటి? ఒక్క దారమైనా కొత్తగా పడిందా? ఇంగ్లీషు పేరు ఒక్కటి వచ్చి మీద వాలింది, అంతే. చెత్తబండికి పోవలసింది కాస్తా ఆస్తి పంపకాల్లోకి వచ్చింది. మా అమ్మ చేతులు చేయలేని పని డల్లాస్ నుంచి ఒక పేరు చేసింది. నా కోపం దాని మీద.

కోపం ఉంది కదా అని తెలుసుకోకుండా మాట్లాడకూడదు. మేనకోడలు పంపిన బొమ్మలన్నీ పది రోజులు కూర్చుని చూశాను. చుక్కల బొంతలను గుర్తుపట్టడానికి ఒక పద్ధతి ఉంది, మన ముగ్గు చూసి ఎన్ని చుక్కలు, ఎన్ని వరసలు అని లెక్కపెట్టినట్టే. మొదట కొసలు ఎన్నో లెక్కపెట్టాలి. తర్వాత ఆ కొసలు చేసిన ముక్కలు డైమండ్లా, త్రికోణాలా చూడాలి. ఆ తర్వాత మొత్తం గడి మూడు మూళ్లదా, నాలుగు నాలుగులదా చూడాలి.

లోన్ స్టార్ అంటే పెద్ద చుక్క ఒక్కటే. ఎనిమిది కొసలు, ఒక్కో కొసలో చిన్న చిన్న డైమండ్ ముక్కలు వరసలుగా, రంగులు నడుమ నుంచి చుట్లు చుట్లుగా బయటికి పోతాయి. ప్రతి డైమండ్ సన్న కొస 45 డిగ్రీలు ఉండాలి. ఎనిమిది కలిస్తే 360. ఒక్కోదాంట్లో ఒక్క డిగ్రీ తేడా వచ్చినా నడుమకొచ్చేసరికి 8 డిగ్రీలవుతుంది, బట్ట నేల మీద పరుచుకోదు, బుడిపెలాగా లేస్తుంది. దానికి టెక్సాస్ బిడ్డలు ఆ పేరు పెట్టుకోవడంలో వింతేమీ లేదు, ఆ రాష్ట్రాన్నే లోన్ స్టార్ స్టేట్ అంటారు. అదే నమూనాను ఇంకో చోట స్టార్ ఆఫ్ బెత్లెహెమ్ అన్నారు. ఒహాయో స్టార్ వేరు. అది మూడు మూళ్ల తొమ్మిది గళ్లు, నడుమ ఒక చతురస్రం, మూలలకు నాలుగు చతురస్రాలు, మిగిలిన నాలుగు గళ్లలో నాలుగేసి త్రికోణాలు. అన్నీ తిన్నని కుట్లే, కొత్తగా నేర్చుకునేవాళ్లకు అదే సులువు. సాటూత్ స్టార్ అని ఇంకోటి ఉంది. నడుమ పెద్ద చతురస్రం, దాని నాలుగు వైపులా రెండేసి చొప్పున ఎనిమిది చిన్న త్రికోణాలు రంపపు పళ్లలాగా నిలబడతాయి.

ఇప్పుడు మా అమ్మ బొంత దగ్గరికి వస్తే, నడుమ ఎర్ర చతురస్రం. చుట్టూ ఎనిమిది త్రికోణాలు. డైమండ్ ముక్క ఒక్కటంటే ఒక్కటి లేదు. అంటే వాళ్ల లెక్కన చూసినా అది లోన్ స్టార్ కాదు, పోలిక ఏదైనా ఉంటే సాటూత్‌తో ఉంది. అదీ పైపై పోలికే. వాళ్లు ముక్కకు ముక్క కలిపి ముందు పై బట్ట తయారు చేసి, తర్వాత లోపల దూది పెట్టి కుడతారు. మా అమ్మ పొరలన్నీ ముందే పరిచి, వాటి మీద త్రికోణాలను అంచు మడిచి పెట్టి, చీర అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడుమకు వచ్చేలా వేలెడు ఎడంతో కాడకుట్టు వేసింది. ఆ ఒక్క కుట్టే ముక్కనూ పట్టుకుంటుంది, కింద ఉన్న నాలుగైదు పొరలనూ పట్టుకుంటుంది. పని తీరు వేరైనప్పుడు పేరు ఒకటి ఎలా అవుతుంది?

అమెరికాలో కూడా ఈ పేర్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు. కాన్సాస్ సిటీ స్టార్ అనే పత్రిక 1928 నుంచి 1961 దాకా క్విల్టు నమూనాలు అచ్చువేసింది. పాఠకులు ఇంట్లో ఉన్నవి పంపేవారు, పత్రిక పేరుతో సహా వేసేది. ఒకే నమూనాకు ఊరికో పేరు. బార్బరా బ్రాక్‌మన్ అనే ఆవిడ కూర్చుని నాలుగు వేలకు పైగా నమూనాలకు నిఘంటువు చేసింది, 1993లో పెద్ద పుస్తకంగా వచ్చింది. అక్కడి ఆడవాళ్లు తమ అమ్మమ్మల పనిని గౌరవించి రాసుకున్నారు. నాకు వాళ్ల మీద ఈర్ష్య ఉందే గానీ కోపం లేదు. లకోటా తెగవారు చుక్క బొంతను గౌరవించవలసిన మనిషి భుజాల మీద కప్పుతారు, చావులకూ ఇస్తారు. అలబామాలో జీస్ బెండ్ అనే ఊరు ఉంది. అక్కడి నల్లజాతి స్త్రీలు పొలం పనిలో చినిగిన బట్టలతో కుట్టిన బొంతలను 2002లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో పెట్టారు. 2006లో వాటి మీద పోస్టల్ స్టాంపులు వచ్చాయి. ఆ గోడల మీద బొంత పక్కన కుట్టినామె పేరు రాశారు. నేను అడిగేది అదే. వాళ్ల చుక్క పేరు తెచ్చి మన మీద అతికించొద్దు, వాళ్లు చేసిన పని మనం చేద్దాం అంటున్నాను.

మన దేశంలోనూ చేసినవాళ్లు ఉన్నారు. సంస్కృతంలో కంథ అంటే అతుకుల బట్ట. ఆ పేరుతోనే బెంగాలువాళ్లు నక్షీ కాంథాకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. బీహారు సుజనికీ వచ్చింది. మన పక్కనే నారాయణపేట చీరకు ఉంది, గద్వాల చీరకు ఉంది. ఆ చీరే చినిగి బొంతైతే మాత్రం తిట్టు.

పేరు తెలుసుకుందామని బొంతను సంచిలో పెట్టుకుని మక్తల్ బస్సెక్కాను. మా పెద్దమ్మ అక్కడే ఉంటుంది. ఎనభై దాటాయి, చూపు మందం. బొంత ఒళ్లో పెడితే కళ్లతో చూడలేదు. అరచేతితో రుద్దింది, గోరుతో అంచు గీరింది.

"మీ అన్న బొంత గదనే ఇది! ఎక్కడ దొరికె నీకు?"

"అన్న బొంతేంది పెద్దమ్మా?"

"మీ అమ్మ తొల్సూరు కాన్పుకు ఈడికే వచ్చె. మేం ముగ్గురం కూసోని కుట్టినం, అమ్మ, మీ అమ్మ, నేను. బాలింత బొంత. మీ అన్న దీని మీదనే పడ్డడు."

ఎంత పలుకుతదని అడిగిన మా అన్న, దాని మీదనే భూమ్మీద పడ్డాడు!

ఈ చుక్కకు ఏం పేరు అని అడిగాను. పెద్దమ్మ నవ్వింది. "చుక్కకు పేరేంది బిడ్డా? టైలరు తాన రవికెల ముక్కలు ఏరుకొస్తుంటిమి. చంక కాడ కోసినయి మూడు మూలలుంటయి. ముక్కకు మూడు మూలలుంటే చుక్కైతది, నాలుగు మూలలుంటే గడైతది."

అక్కడ నాకు కళ్లు తెరుచుకున్నాయి. మేం చుక్కను బట్టి బొంతను గుర్తుపడదామని చూస్తున్నాం. వాళ్లు మనిషిని బట్టి గుర్తుపట్టారు. బాలింత బొంత, పసిపిల్ల బొంత, చుట్టాలొస్తే తీసే బొంత, వలస పోయేటప్పుడు మూటలో కట్టే బొంత. ఎవరు పడుకుంటారో వాళ్లదే పేరు. రాయచూరు దిక్కు చుట్టాలు కౌది అంటారట, వాళ్లూ అంతేనట.

పెద్దమ్మ వేళ్లు ఒక్కో ముక్క మీద ఆగాయి. నడుమ ఎర్ర ముక్క అమ్మమ్మ నారాయణపేట చీర కొంగు. కింద పొర తాత ధోతి. ఒక మూల అతుకు మాత్రం వేలికి జారినట్టు ఉంది, "ఇది మాది గాదు, తర్వాత ఎవరో ఏసిన్రు" అంది. ఇంటికొచ్చి ఆ అతుకు దారం ఒకటి లాగి అగ్గిపుల్లతో కాల్చి చూశాను. నూలైతే కాగితంలా మండి బూడిదవుతుంది. ఇది ముడుచుకుని గట్టి గుండులాగా అయింది, పాలియెస్టర్. అప్పుడు గుర్తొచ్చింది, నా ఐదో తరగతి లంగా. పాత బట్ట నూలుదో కాదో తెలుసుకోవాలంటే ఇలా ఒక్క దారం చాలు, బొంతంతా విప్పక్కర్లేదు.

చినిగిన ఒక మూలలోంచి చెయ్యి పెట్టి చూస్తే లోపల ఇంకో బొంత తగిలింది. పాతది, పలచబడింది, దాని అడుగున గోనె పట్టా. పెద్దమ్మ దాన్ని ముట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. "సాగర్ పనిల సిమెంటు సంచి అది" అంది చివరికి. నాగార్జునసాగర్ డ్యాముకు 1955లో శంకుస్థాపన జరిగింది, పని ఏళ్ల తరబడి నడిచింది. మట్టి మోయడానికి, రాయి మోయడానికి మన పాలమూరు నుంచి ఊళ్లకు ఊళ్లు కదిలాయి. మా అమ్మమ్మ పెద్దమ్మను వెంటబెట్టుకుని పోయింది. రాతి మీద పడుకునేవాళ్లట. చలి కింద నుంచి వస్తుంది కదా, అందుకే సంచి అడుగున. ఆ బొంతను పారేయలేక, బిడ్డ కాన్పుకు కుట్టే కొత్త బొంతలో మెత్తదనానికి పెట్టి కుట్టేసింది.

ఇది తెలిశాక చెప్పండి, దీన్ని లోన్ స్టార్ అని రాసుకుంటే ఏం మిగిలింది? డ్యాము పోయింది, కాన్పు పోయింది, ముగ్గురు ఆడవాళ్లు పోయారు. ఒక రాష్ట్రం జెండా మీది చుక్క మిగిలింది.

మీలో కొందరు ఈపాటికి మనసులో అనుకుంటూనే ఉంటారు, నాకు తెలుసు. బొంత బరువు, ఉతికితే వానాకాలం మూడు రోజులు ఆరదు, నల్లులు పడతాయి, మెత్తని బ్లాంకెట్లు వచ్చాక ఎవరు కప్పుకుంటారు అని. నిజమే. నేనూ రోజూ కప్పుకోను. పేదరికాన్ని పొగడమనీ అనడం లేదు. రాతి మీద పడుకున్నవాళ్లకు మంచి పరుపు దొరికి ఉంటే బొంత కుట్టేవాళ్లు కాదు, అది వాళ్ల తప్పూ కాదు, గొప్పా కాదు. కానీ లేమిలో ఉన్న మనిషి రవికె ముక్కల నుంచి ఒక చుక్కను చేసింది చూశారా, ఆ చుక్క లేకపోయినా బొంత వెచ్చగానే ఉండేది. అయినా చేసింది. దానికి మాత్రం లెక్క ఉండాలంటాను.

ఇంకో మాట చెప్పకుండా దాటేస్తే అబద్ధమవుతుంది. పన్నెండేళ్ల కింద మా వీధిలోకి పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆమె వచ్చింది. మా అత్తమ్మ కుట్టిన రెండు బొంతలు ఇచ్చి ఒక స్టీలు బేసిను తీసుకున్నాను. మంచి బేరం చేశానని సంబరపడ్డాను కూడా. అత్తమ్మ గుమ్మం దగ్గర నిలబడి చూసింది, ఏమీ అనలేదు. తర్వాత ఆమె బతికిన ఆరేళ్లలో ఆ బేసినులో బియ్యం కడగగా నేను చూడలేదు. పాత సత్తు గిన్నె వెతుక్కునేది. అది నాకు ఇప్పుడు అర్థమవుతోంది. మా వదినె రెండు వేళ్లతో పట్టి పారేసిందని పైన రాశాను. నేను రెండు చేతులతో ఇచ్చేశాను.

మేనకోడలు ఇప్పుడు, చుక్క వరకు కత్తిరించి ఫ్రేము కట్టిస్తానంటోంది. చినిగిన ముక్కలు విప్పి అక్కడి కొత్త బట్ట వేయిస్తానని కూడా అంటోంది. వద్దన్నాను. చుక్క చుట్టూ కత్తిరిస్తే కుట్టు తెగుతుంది. చుట్టూ తిరిగొచ్చే కుట్టు కదా, ఒక చోట తెగితే అన్ని పొరలూ వదులవుతాయి. చినిగిన చోట పలచని పాత నూలు బట్ట మీద పరిచి, పాత కుట్టు పక్కనే కుట్టుకుంటే చాలు. అతుకు మీద అతుకు వేయడం బొంతకు అవమానం కాదు, దాని బతుకే అది.

నీకు చుక్క కావాలంటే కొత్తది కుట్టుకో, నేర్పిస్తానన్నాను. మా అమ్మాయీ నేనూ ఆదివారాలు మొదలుపెట్టాం. అట్టముక్క మీద త్రికోణం గీసుకుని, చుట్టూ పావు అంగుళం కుట్టుకు వదిలి కత్తిరించాలి. క్రాస్‌లో పడిన అంచు లాగితే సాగుతుంది, అందుకని దాన్ని ముందు టాకా వేసి పెట్టుకోవాలి. ముక్కలన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి మొదలుపెట్టాలి, లేకపోతే కొత్త బట్ట కుంచించుకుపోయి పక్క ముక్కను లాగేస్తుంది. మొదటి చుక్క కొసలు కలవక వంకరగా వచ్చింది. మా అమ్మాయి విప్పేద్దామంది. ఉండనీ అన్నాను.

మిమ్మల్ని అడిగేది ఎక్కువేమీ కాదు. మీ అటక మీద, మీ ఊరి ఇంట్లో బొంత ఉంటే ఈ ఆదివారం దించండి. ఇంట్లో పెద్దామె ఎవరైనా ఉంటే ఆమె ఒళ్లో పెట్టి మూడు ప్రశ్నలు అడగండి. ఎవరి కోసం కుట్టారు, ఎవరెవరు కుట్టారు, ఏ ముక్క ఎవరిది? జవాబులు ఒక తెల్ల గుడ్డ మీద చెరగని పెన్నుతో రాసి, బొంత వెనక మూలకు కుట్టేయండి. ఇంటికొచ్చి బొంతలు కుట్టే ఆమె కనబడితే కూలి దగ్గర బేరం ఆడకండి. నమూనా పేరు తర్వాత వెతుక్కోవచ్చు, ఇంటర్నెట్ ఎక్కడికీ పోదు. పెద్దమ్మలు పోతారు.

నేను రాసి కుట్టింది ఇది: 'బాలింత బొంత. మక్తల్. అమ్మమ్మ, అమ్మ, పెద్దమ్మ కుట్టినది. లోపల సాగర్ బొంత ఉంది, విప్పకండి.' దాని ఫొటో అన్నకు పంపాను. ఎంత పలుకుతదని మళ్లీ అడగలేదు. రెండు రోజుల తర్వాత, "ఒకసారి నా దగ్గరికి పంపుతవా?" అన్నాడు. పంపాలా వద్దా ఇంకా తేల్చుకోలేదు. వాళ్లింటి ముందు చెత్తబండి ఇంకా రోజూ వస్తూనే ఉంది.